మొదటిసారి పెరట్లో 20 కోడిపిల్లలు: గూడు, వేడి, దాణా, టీకాలు

మీరు అడిగింది ఇది. ఖమ్మం పక్క పల్లెలో 200 గజాల పెరడుంది. దసరా అయ్యాక వనరాజా, గ్రామప్రియ కలిపి ఒక రోజు వయసున్న పిల్లలు 20 తెద్దామనుకుంటున్నారు. మెట్ల కింద అట్టపెట్టెలో ఉంచి, నూకలు వేసి, నెల దాటాక పెరట్లోకి వదిలి, రాత్రికి గంప కింద మూస్తే సరిపోతుందా?

సరిపోదండి. అలాగని మీరు చెప్పిన పద్ధతి తప్పు కాదు. అది తల్లికోడి వెంట తిరిగే నాటు పిల్లలకు కుదిరే పద్ధతి. అక్కడ వేడి తల్లి రెక్కల కింద దొరుకుతుంది. ఏది తినాలో తల్లి ముక్కుతో పొడిచి చూపిస్తుంది, చెదలు, పురుగులు కెలికి పెడుతుంది, గద్ద నీడ పడితే కేక వేసి పిల్లల్ని దాచుకుంటుంది. నూకలు, గంప ఆ తల్లికి తోడు మాత్రమే. మిషన్‌లో పొదిగించి అమ్మే హేచరీ పిల్లకు ఆ తల్లి లేదు. మొదటి ఆరు వారాలు తల్లి పనంతా మీ చేతుల మీదుగా జరగాలి. మొదటిసారి పెంచేవాళ్ల దగ్గర పిల్లలు ఎక్కువగా చనిపోవడానికి కారణం ఏదో వింత జబ్బు కాదు. చలి, తడి, వేయించని టీకా, గూట్లో వదిలేసిన సందు. ఈ నాలుగే.

దసరా తర్వాత తేవడం మంచి ఆలోచన. ఎండ తగ్గి ఉంటుంది, చలి ముదిరేసరికి పిల్లలకు ఈకలు వస్తాయి, వేసవి నాటికి పెట్టలు గుడ్లకు వస్తాయి. ఏప్రిల్, మే నెలల్లో మాత్రం మొదటి బ్యాచ్ తేవద్దు. పల్లెల్లో కొక్కెర తెగులు (రాణిఖెత్ అనే వైరస్ జబ్బు) ఎండాకాలంలోనే ఎక్కువగా ఊడ్చుకుపోతుంది.

రకాల గురించి నాలుగు మాటలు. వనరాజా, గ్రామప్రియ రెండూ రాజేంద్రనగర్‌లోని ఐసీఏఆర్ (భారత వ్యవసాయ పరిశోధన మండలి) కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసం రూపొందించినవి. వనరాజా ఒళ్లు బరువు, మాంసానికీ గుడ్లకీ పనికొస్తుంది. గ్రామప్రియ ముఖ్యంగా గుడ్లకు. పెరట్లో వనరాజా పెట్ట ఏడాదికి 100 నుంచి 110, గ్రామప్రియ 160 నుంచి 180 గుడ్ల దాకా పెడతాయి. నాటుపెట్ట 50, 60 దగ్గర ఆగిపోతుంది. అయితే ఈ రెండు రకాలూ పొదుగుకు కూర్చోవడం చాలా అరుదు. వాటి గుడ్లను నాటుపెట్ట కింద పొదిగించినా పుట్టే పిల్లలకు తల్లి లక్షణాలు పూర్తిగా రావు. కాబట్టి మళ్లీ పిల్లలు కావాలంటే మళ్లీ హేచరీకే వెళ్లాలి. ఇంకో సంగతి, ఒక రోజు పిల్లల్ని సాధారణంగా పుంజు, పెట్ట వేరు చేయకుండానే అమ్ముతారు. మీ 20లో సగం పుంజులే అనుకొని లెక్క వేసుకోండి. 12 పెట్టలకు రెండు పుంజులు చాలు. గుడ్లు తినడానికే అయితే పుంజు లేకపోయినా పెట్టలు గుడ్లు పెడతాయి. మిగతా పుంజుల్ని మూడు, నాలుగు నెలలకు తీసేయాల్సి వస్తుంది. ఇంట్లో ఆ మాట ముందే అనుకోండి.

మొదటి మూడు వారాలు ఇంటి దగ్గర పగలూ రాత్రీ చూసే మనిషి లేకపోతే ఒక రోజు పిల్లలు అసలు వద్దు. పిల్లల్ని నాలుగు నుంచి ఆరు వారాలు పెంచి, మొదటి టీకాలు వేసి అమ్మేవాళ్లు ఉన్నారు. పిల్లకు ధర ఎక్కువే పడుతుంది కానీ మొదటిసారికి అదే నష్టం తక్కువ దారి. ఏ తేదీన ఏ టీకా వేశారో కాగితం మీద రాయించుకోండి. రాసివ్వలేని వాళ్ల దగ్గర కొనకండి.

ఒక రోజు పిల్లలే తెస్తామంటే, ముందు బ్రూడర్, అంటే పిల్లల్ని వెచ్చగా ఉంచే చోటు సంగతి.

అట్టపెట్టె వద్దు. మూలలుంటే పిల్లలు రాత్రి చలికి మూలకు చేరి ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి, అడుగున ఉన్నవి ఊపిరాడక చస్తాయి. గుండ్రటి దడి కావాలి. అడుగున్నర ఎత్తు, 13 అడుగుల పొడవు ఉన్న పలుచటి రేకు గానీ మందపాటి అట్ట గానీ తీసుకోండి. మొదటి వారం దాని అంచుల్ని ఒకదానిపై ఒకటి ఎక్కించి మూడడుగుల వెడల్పు గుండ్రంగా చుట్టి క్లిప్పులు పెట్టండి. రెండో వారం నుంచి వదులు చేస్తూ పోతే నాలుగడుగుల వెడల్పుకు వస్తుంది. నాలుగు వారాల దాకా పిల్లకు అర చదరపు అడుగు చొప్పున చోటుండాలి, ఆ దడి 20 పిల్లలకు చక్కగా సరిపోతుంది. మెట్ల కింద పెట్టుకోవచ్చు గానీ రెండు విషయాలు చూసుకోండి: నేల మీదుగా వచ్చే ఈదురుగాలి పిల్లలకు తగలకూడదు, పిల్లి చేరకూడదు. దడి మీద పాత దోమతెర గానీ జాలీ గానీ కప్పండి. గాలి ఆడకుండా దుప్పటితో మూసేయడం మాత్రం వద్దు.

అడుగున రెండంగుళాల మందం వరి ఊక పరవాలి. అది పొడిగా ఉండాలి, బూజు వాసన రాకూడదు. మొదటి రెండు మూడు రోజులు పిల్లలు ఊకను కూడా మేతనుకొని తింటాయి కాబట్టి పైన గోనెపట్టా పరచండి. చాలామంది వార్తాపత్రిక వేస్తారు. నున్నటి కాగితం మీద లేత కాళ్లు జారి రెండు పక్కలకూ చాపుకుపోతాయి, అలా అయిన పిల్ల తర్వాత లేచి నడవదు. కాగితమే వేయాల్సి వస్తే నలిపి, గరుకుగా చేసి, రోజూ మార్చండి.

వేడికి లెక్క పిల్లకు 2 వాట్లు. 20 పిల్లలకు 40 వాట్లు అవుతుంది కానీ, అక్టోబర్ చివర రాత్రులకు 60 వాట్ల పాత తరహా ఫిలమెంట్ బల్బు పెట్టండి. ఎల్ఈడీ బల్బు వెలుతురే ఇస్తుంది, వేడి ఇవ్వదు. బల్బు కొత్తగా వెలుగుతోంది, అయినా పిల్లలు చలికి చచ్చాయి అనే చోట చాలాసార్లు జరిగేది ఇదే. బల్బును పిల్లల వీపుకు 12 నుంచి 15 అంగుళాల ఎత్తున, కరెంటు వైరు బలం మీద కాకుండా ఇనుప తీగతో పైకప్పుకు కట్టి వేలాడదీయండి. వైరు జారి బల్బు ఊక మీద పడిందంటే నిప్పంటుకుంటుంది. మొదటి వారం పిల్లల వీపు ఎత్తులో 35 డిగ్రీల సెల్సియస్ ఉండాలి. తర్వాత వారానికి మూడు డిగ్రీల చొప్పున, బల్బు ఎత్తు పెంచుతూ తగ్గించండి. రెండో వారం నుంచి పగటి వేడి బయటే 32 ఉంటే పగలు ఆర్పేయొచ్చు. నాలుగో వారానికి రాత్రి మాత్రమే అవసరపడుతుంది.

థర్మామీటర్ ఉంటే మంచిదే, లేకపోయినా పిల్లలే చెప్తాయి. బల్బు కింద ముద్దకట్టి కీచుకీచుమని గట్టిగా అరుస్తుంటే చలి. బల్బుకు దూరంగా దడి అంచుకు చేరి, ముక్కు తెరిచి, రెక్కలు జార్చి ఉంటే వేడి ఎక్కువ. అన్నీ ఒకే పక్కకు చేరితే ఎదుటి పక్క నుంచి గాలి కొడుతోంది. అంతటా చెదిరి తింటూ, తాగుతూ, కొన్ని పడుకొని సన్నగా కూస్తుంటే సరిగ్గా ఉంది. పడుకునే ముందు ఒకసారి, తెల్లవారుజామున మూడు నాలుగు గంటల మధ్య ఒకసారి చూడండి. చలి బిగిసేది ఆ రెండో వేళలోనే.

కరెంటు పోతే ఏం చేయాలో కూడా ముందే సిద్ధం చేసుకోండి. వేడినీళ్లు పోసిన రెండు ప్లాస్టిక్ సీసాలకు పాత గుడ్డ చుట్టి మధ్యలో పెట్టి, దడి మీద సగం వరకు గోనెపట్టా కప్పితే మూడు నాలుగు గంటలు గడుస్తుంది. పాతకాలంలో కుంపటి పెట్టేవాళ్లు. తలుపులు మూసిన గదిలో బొగ్గుల కుంపటి వద్దే వద్దు. ఆ గాలి పిల్లల్నే కాదు, పక్కన పడుకున్న మనుషుల్ని కూడా చంపుతుంది.

పిల్లలు ఇంటికి రాకముందే, రెండు మూడు గంటల ముందు బల్బు వేసి దడి లోపల వెచ్చబెట్టండి. రాగానే ముందు నీళ్లు, తర్వాత మేత. కాచి గోరువెచ్చగా చల్లార్చిన నీళ్లలో లీటరుకు రెండు మూడు చెంచాల గ్లూకోజ్ కలిపి, ఒక్కో పిల్ల ముక్కును నీళ్లలో ముంచి వదలండి. 20 పిల్లలకు పది నిమిషాల పని. కొన్ని తాగడం మొదలుపెడితే మిగతావి చూసి నేర్చుకుంటాయి. ఆ తీపి నీళ్లు మొదటి కొన్ని గంటలకే. రోజుల తరబడి ఇస్తే రెట్ట జిగురై వెనక అంటుకుంటుంది. నీళ్ల పళ్లెంలో గోలీలో గులకరాళ్లో వేయండి, లేకపోతే నిద్రమత్తులో పిల్ల అందులో పడి తడిసి చలికి పోతుంది. రెండు మూడు గంటలయ్యాక మేత వేయండి. మొదటి రోజు సన్నటి మొక్కజొన్న రవ్వను పట్టా మీదే చల్లితే టకటకా పొడుస్తాయి. రెండో రోజు నుంచి స్టార్టర్ దాణా, అంటే లేత పిల్లల కోసమే కలిపి అమ్మే మేత.

ఆ రాత్రి తప్పక చేయాల్సిన పని ఒకటుంది. ఒక్కో పిల్లను చేతిలోకి తీసుకొని మెడ కింద మేత సంచిని వేలితో తడమండి. మెత్తగా, గుండ్రంగా నిండి ఉంటే తిన్నది, తాగింది. గట్టిగా ఉంటే మేత తిన్నది కానీ నీళ్లు తాగలేదు. ఖాళీగా ఉంటే రెండూ లేవు. అలాంటి పిల్లను బల్బుకు దగ్గరగా పెట్టి, మళ్లీ ముక్కు ముంచి తాగించాలి. పని పూర్తయ్యేలోపు వెనక రెట్ట అంటుకొని మూసుకుపోయిందేమో కూడా చూడండి. అంటుకుంటే గోరువెచ్చటి నీళ్లలో తడిపిన దూదితో నానబెట్టి తుడవాలి. లాగితే చర్మం ఊడి వస్తుంది.

ఇప్పుడు నూకల సంగతి. నూకల్లో మాంసకృత్తులు ఎనిమిది శాతం దగ్గర ఉంటాయి. మొదటి ఎనిమిది వారాలు పిల్లకు 20 శాతం కావాలి. తల్లి వెంట తిరిగే పిల్ల ఆ లోటును చెదలతో, పురుగులతో పూడ్చుకుంటుంది. బ్రూడర్లో ఉన్న పిల్లకు ఆ దారి లేదు. నూకలతో పెంచిన వనరాజా పిల్ల నెలకు కూడా గుప్పెడంతే ఉంటుంది, రెక్కలు వేలాడతాయి, ఈకలు చింపిరిగా వస్తాయి, ఒకదాన్నొకటి పొడుచుకోవడం మొదలుపెడతాయి. కాబట్టి చిక్ స్టార్టర్ కొనండి. మొదటి వారం పిల్లకు రోజుకు 10 గ్రాములు, అక్కడి నుంచి వారానికి 10 గ్రాముల చొప్పున పెంచుతూ ఆరో వారానికి 60 దగ్గరకు వెళ్తుంది. 20 పిల్లలకు ఆరు వారాలకు 30 నుంచి 40 కిలోలు పడుతుంది. ఒకేసారి 50 కిలోల బస్తా తెచ్చి నేల మీద పెట్టకండి. పది పదిహేను కిలోల చొప్పున తెచ్చి, మూత గట్టిగా ఉన్న డబ్బాలో, చెక్క మీద పెట్టుకోండి. బూజు వాసన వచ్చిన దాణా, నల్లబడిన మొక్కజొన్న, బూజు పట్టిన వేరుశనగ చెక్క పారేయాల్సిందే. ఆ బూజు విషం కాలేయాన్ని తినేస్తుంది, పిల్లలు ఏ లక్షణం లేకుండా చిక్కిపోతాయి.

ఇంకో పొరపాటు: గుడ్ల కోళ్ల దాణా చవగ్గా దొరికిందని పిల్లలకు పెట్టడం. అందులో పెంకు కోసం కలిపిన సున్నం మూడు శాతం పైనే ఉంటుంది. లేత మూత్రపిండాలు దాన్ని మోయలేవు. పిల్లలు కీళ్లు బిగుసుకొని చస్తాయి.

ఎనిమిది వారాలు దాటాక 16 శాతం మాంసకృత్తులు చాలు. అప్పటి నుంచి ఇంట్లోనే కలుపుకోవచ్చు. 10 కిలోలకు: మొక్కజొన్న రవ్వ 5 కిలోలు, తవుడు 2 కిలోలు, సోయా చెక్క 2 కిలోలు, నూకలు 700 గ్రాములు, కోళ్లకు వాడే ఖనిజ లవణ మిశ్రమం 270 గ్రాములు, ఉప్పు 30 గ్రాములు. ఉప్పును చేత్తో అంచనా వేయకుండా తూచి వేయండి, ఎక్కువైతే కోళ్లు నీళ్లు తాగితాగి పారుకొని చస్తాయి. పచ్చళ్లు, ఊరగాయ మెతుకులు, ఉప్పుచేపల తలలు వేయొద్దనేది అందుకే. పగలు బయట తిరిగే కోళ్లకు ఇది పూర్తి మేత కాదు, సాయంత్రం గూటికి వచ్చాక ఒక్కో కోడికి 30 నుంచి 60 గ్రాములు, బయట ఏం దొరుకుతుందో చూసి. వనరాజా పెట్టలకు ప్రేమకొద్దీ మేపకండి. ఆరు నెలలకు పెట్ట రెండు, రెండున్నర కిలోల మధ్య ఉండాలి. కొవ్వు పట్టిన పెట్ట గుడ్లు తక్కువ పెడుతుంది.

టీకాలు. ఇక్కడ ఒక్క రోజు కూడా ఏమరుపాటు పనికిరాదు, ఎందుకంటే కొక్కెర తెగులుకు మందు లేదు. పచ్చటి తెల్లటి రెట్ట, నోరు తెరిచి ఎగపీల్చడం, మెడ మెలితిరగడం కనబడ్డాక చేసేదేమీ ఉండదు, మూడు రోజుల్లో గూడు ఖాళీ అవుతుంది. మారెక్స్ (కాళ్లు పడిపోయే, గడ్డలు కట్టే జబ్బు) టీకా హేచరీలో మొదటి రోజే వేస్తారు, వేశారో లేదో అడగండి. ఏడో రోజు కొక్కెర తెగులుకు లాసోటా టీకా, కంట్లో ఒక చుక్క. పద్నాలుగో రోజు గంబోరో (పిల్లల రోగనిరోధక శక్తిని దెబ్బతీసే జబ్బు) టీకా, కంట్లో లేదా నోట్లో చుక్క. 28వ రోజు మళ్లీ లాసోటా. ఆరో వారం మశూచి టీకా, రెక్క పొరలో సూదితో పొడుస్తారు. ఎనిమిది నుంచి పది వారాల మధ్య ఆర్‌టూబీ, అర మిల్లీలీటరు సూది, ఇదీ కొక్కెర తెగులుకే. దీనికి వారం ముందు నులిపురుగుల మందు తాగించాలి. ఆ తర్వాత ప్రతి ఆరు నెలలకూ కొక్కెర టీకా మళ్లీ వేయించాలి.

చిక్కేమిటంటే టీకా సీసా సాధారణంగా 100 డోసులకు తక్కువ దొరకదు, మీ దగ్గర 20 పిల్లలే ఉంటాయి. సీసా తెరిచి మందు కలిపాక గంట, రెండు గంటల్లో వాడేయాలి. మిగిలింది ఫ్రిజ్‌లో దాచి వారం తర్వాత వేస్తే నీళ్లు వేసినట్టే. ఊళ్లో కోళ్లున్న నలుగురినీ కూడగట్టి, ఒకే రోజు పశువైద్యశాల వాళ్లతో అందరివీ వేయించండి. దీంట్లో ఇంకో లాభం కూడా ఉంది: పక్కింటి నాటుకోళ్లకు టీకా లేకపోతే తెగులు మీ గోడ దూకి వస్తుంది. దుకాణం నుంచి టీకాను ఐస్ ముక్కలు వేసిన ఫ్లాస్కులో తేవాలి. జేబులో వేసుకొని ఎండలో బండి మీద తెచ్చిన లాసోటా పనిచేయదు, వేశాం కదా అన్న ధీమా మాత్రం మిగులుతుంది. చుక్క వేశాక పిల్ల కన్ను మూసి తెరిచే దాకా పట్టుకోండి, వెంటనే వదిలితే మందు బయటికి జారిపోతుంది. మశూచి టీకా వేసిన వారం, పది రోజులకు పొడిచిన చోట చిన్న పొక్కు కనబడాలి. కనబడకపోతే పట్టలేదన్నమాట, మళ్లీ వేయించాలి. మందకొడిగా ఉన్న పిల్లలకు ఏ టీకా వేయొద్దు, తేరుకున్నాక వేయండి.

మూడు నుంచి ఆరు వారాల మధ్య ఎక్కువగా వచ్చేది రక్తపారుడు, అంటే కాక్సీడియోసిస్. రెట్టలో రక్తం, రెక్కలు జార్చడం, ఒళ్లు ఉబ్బించుకొని కళ్లు మూసుకొని నిలబడటం. దీనికి మూలం తడిసిన ఊక. గుప్పెడు ఊక తీసి పిండి వదలండి. విడిపోతే సరే. ముద్దలా ఉండిపోతే అదే రోజు ఆ చోట ఊక తీసి కొత్తది వేయాలి. నీళ్ల పళ్లెం కింద ఇటుక పెట్టి, అంచు పిల్లల వీపు ఎత్తుకు తెస్తే సగం తడి అక్కడే తగ్గుతుంది. వారానికి రెండుసార్లు ఊకను కెలకండి. తడి కనిపిస్తే కొంచెం పొడి సున్నం చల్లి కలపండి. రక్తం కనబడిందంటే పశువైద్యుణ్ణి అడిగి ఆంప్రోలియం అనే మందు అదే రోజు మొదలుపెట్టాలి. 20 శాతం పొడి అయితే సాధారణంగా లీటరు నీళ్లకు 1.2 గ్రాములు, ఐదు రోజులు. వేరే నీళ్లు అందుబాటులో ఉంచకూడదు. మరుసటి రోజు చూద్దామంటే మరో నాలుగు పోతాయి.

గూటి విషయానికి వస్తే, పిల్లలు వచ్చే ముందే కట్టడం పూర్తి చేయండి. "ఆరు వారాలుంది కదా" అనుకుంటే మేస్త్రీ దొరకడు, వాన వస్తుంది, పెరిగిన పిల్లలు ఇరుకు దడిలో పొడుచుకుంటాయి.

రాత్రి మాత్రమే పడుకునే పెద్ద కోడికి రెండు చదరపు అడుగులు కావాలి. 20 కోళ్లకు 40, అంటే 8 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు. పొడవు తూర్పు పడమరలుగా పెడితే పొద్దుటి, సాయంత్రపు ఎండ వెడల్పు తక్కువున్న పక్కల మీదే పడుతుంది. నేల చుట్టుపక్కల కంటే అడుగు ఎత్తు లేపి సిమెంటు చేయించండి. మట్టి నేలయితే పందికొక్కు రెండు రాత్రుల్లో కింద నుంచి బొరియ తవ్వుతుంది. చుట్టూ అడుగున్నర ఇటుక గోడ, దాని మీద సరుగుడు గుంజలు గానీ ఇనుప పైపులు గానీ. గుంజల అడుగుకు తారు పూస్తే చెదలు పట్టవు. పైకప్పు ఒక పక్క ఆరడుగులు, మరో పక్క ఐదడుగులు ఉండాలి. మనిషి లోపలికి వెళ్లి నిలబడి ఊడ్చలేని గూడు ఎప్పటికీ శుభ్రంగా ఉండదు. కప్పుకు తాటాకు చల్లన. సిమెంటు రేకే వేస్తే పైన తాటాకో గడ్డో పరిచి కట్టండి, ఖమ్మం ఎండలకు ఒట్టి రేకు కింద కోళ్లు నిలవవు. చూరు రెండున్నర అడుగులు బయటికి రావాలి, లేకపోతే ఏటవాలు జల్లుకు ఊకంతా తడుస్తుంది.

డబ్బు ఎక్కడైనా తగ్గించుకోండి గానీ జాలీ దగ్గర వద్దు. ఆరు మూలల సన్నటి కోళ్ల జాలీ కోళ్లను లోపల ఆపుతుంది కానీ కుక్కను బయట ఆపదు. కుక్క పంటితో చింపుతుంది. దాని కన్నాల్లోంచి పిల్లి పంజా దూర్చి, జాలీకి ఆనుకొని పడుకున్న కోడి కాలో మెడో లాగుతుంది. తెల్లారి చూస్తే గూడు మూసే ఉంటుంది, లోపల తల లేని కోడి ఉంటుంది. అరంగుళం గళ్ల వెల్డ్ మెష్ (తీగలు వెల్డింగ్ చేసిన గట్టి ఇనుప జాలీ) వేయండి. మేకులు కొట్టి వదిలేయకుండా అంచుల మీద చెక్క పట్టీ వేసి బిగించండి. ముంగిసకు ఒకటిన్నర అంగుళం సందు చాలు, అది ఒక్కటి దూరితే ఆకలికి మించి చంపుతుంది. తలుపు కింద, కప్పుకూ గోడకూ మధ్య, పైపు దూరిన చోట బొటనవేలు పట్టే సందు ఏదున్నా మూయాలి. తలుపుకు పైన ఒకటి, కింద ఒకటి గడియలు పెట్టండి. పెరడు పక్కన పొదలుంటే గూడు చుట్టూ ఆరడుగులు శుభ్రం చేయండి, పాము, ముంగిస బట్టబయలు దాటడానికి జంకుతాయి.

గంప గురించి అడిగారు. పగలు రెండు మూడు కోళ్లను కాసేపు ఆపడానికి బాగుంటుంది. రాత్రంతా 20 కోళ్లను గంపల కింద ఉంచితే గాలాడదు, కుక్క మూతితో ఎత్తి పడేస్తుంది.

లోపల ఆరు వారాల తర్వాత పడుకునే బద్దెలు కట్టండి: రెండంగుళాల మందం, అంచులు గుండ్రంగా చెక్కినవి, కోడికి ఎనిమిదంగుళాల చొప్పున. బరువైన వనరాజాకు అడుగున్నర ఎత్తు చాలు, ఎత్తు నుంచి దూకితే అరికాలు వాస్తుంది. సన్నటి కర్ర మీద లేత వయసులో పడుకుంటే రొమ్ము ఎముక వంకర పోతుంది. గోడ పగుళ్లకు వేసవి ముందు, వాన ముందు సున్నం కొట్టించండి. గోమార్లు పగలు ఆ పగుళ్లలో దాక్కొని రాత్రి వచ్చి నెత్తురు తాగుతాయి. పగలు కోడిని వెతికితే ఏమీ కనబడవు, కోడి మాత్రం పాలిపోతుంటుంది. రాత్రి టార్చితో బద్దె చివర్లు చూస్తే దొరుకుతాయి.

బయటికి వదలడం ఆరు వారాలు నిండి, ఒంటినిండా ఈకలు వచ్చాకే. అంతకు ముందయితే గద్దే కాదు, కాకి కూడా ఎత్తుకుపోతుంది. ముందు ఐదారు రోజులు పగలూ రాత్రీ కొత్త గూట్లోనే ఉంచండి, అది తమ ఇల్లని తెలియాలి. తర్వాత పొద్దు గూకడానికి గంట ముందు వదలండి, చీకటి పడుతుంటే అవే లోపలికి వస్తాయి. రోజూ అర గంట చొప్పున ముందుకు జరిపితే వారం, పది రోజుల్లో పొద్దుటి నుంచి వదలొచ్చు. మొదటి రోజే పొద్దున్నే వదిలితే రాత్రికి చెట్ల మీద, పక్కింటి కప్పుల మీద వెతుక్కోవాల్సి వస్తుంది. పెరట్లో చిక్కుడు, బీర పందిళ్లు వేయండి. నీడకు నీడ, గద్దకు అడ్డం, రాలే పురుగులు మేత. కూరగాయ మళ్లకు మాత్రం కంచె కట్టక తప్పదు, 20 కోళ్లు వారంలో మడిని గుంట చేస్తాయి.

తర్వాత ఎప్పుడైనా కొత్త కోడిని సంత నుంచి తెస్తే రెండు వారాలు దూరంగా వేరే గంప కింద ఉంచి, చివర దానికి మేత వేసి చేతులు కడుక్కోండి. చచ్చిన కోడిని చెత్తకుప్ప మీద, కాలువలో పారేయకండి. సున్నం వేసి మూడడుగుల లోతున పూడ్చాలి. 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ నిర్ధారణ అయిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. ఒక్కసారిగా కోళ్లు వరుసగా పోతుంటే ఒట్టి చేత్తో ముట్టుకోవద్దు, ఇంట్లో చిన్నపిల్లల్ని దగ్గరికి రానివ్వొద్దు, కోసి తినొద్దు, అమ్మొద్దు. పశువైద్యశాలకు గానీ 1962కు గానీ ఫోన్ చేయండి.

వేసవి వస్తుంది, మీ పెట్టలకు అదే మొదటిది. మధ్యాహ్నం మేత వద్దు, అరుగుదల వేడి కూడా తోడవుతుంది. పొద్దున్నే, పొద్దు వాలాక వేయండి. నీడలో మట్టి మూకుళ్లలో రెండు మూడు చోట్ల చల్లటి నీళ్లు, మధ్యాహ్నం ఒకసారి మార్చి. గూటి పడమటి పక్క గోనెపట్టాలు కట్టి తడపండి, కానీ గాలి ఆగేలా అన్ని పక్కలా కట్టొద్దు.

20 వారాలు దాటి పెట్ట జుట్టు ఎర్రబడి, మూలల్లో దూరి వెతుక్కుంటుంటే గుడ్డుకు వచ్చినట్టే. ఆ లోపే 12 అంగుళాల పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న పెట్టెలు, నాలుగైదు పెట్టలకు ఒకటి చొప్పున, గూట్లో చీకటిగా ఉండే పక్క పెట్టి గడ్డి వేయండి. అప్పుడు దాణాను గుడ్ల కోళ్ల దాణాకు మార్చండి. పక్కన ఒక చిప్పలో నలగ్గొట్టిన ఆల్చిప్పలు ఉంచితే ఏ పెట్టకు ఎంత కావాలో అంత తింటుంది. గుడ్లు రోజుకు రెండుసార్లు తీయండి. ఒకసారి పగిలిన గుడ్డు రుచి చూసిన పెట్ట ఆ అలవాటు మానదు, మిగతావాటికీ నేర్పుతుంది.